ఆవిరి బండి కూత

“ఏయ్, చెయ్యి తియ్! పాలిష్ పోతది!”

ఆవిరి బండి మీద చెయ్యేసిన ముసలామె ఉలిక్కిపడింది.

కువైట్‌లో ఎండలు తగ్గాయి. పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్, తన తోటలో పాత యంత్రాల పండుగ పెట్టాడు. తుక్కు కింద కొని బాగు చేయించిన ఆవిరి ఇంజిన్‌కు పిల్లల కోసం పెట్టెలు తగిలించాడు. దాన్ని నడిపేది జగిత్యాల పరశురాం. అరబ్బులు అతనితో ఫోటోలు దిగుతున్నారు.

“తెలుగోనివే గదా బిడ్డా? పరశురాం అంటె నువ్వేనా?”

“అయితే ఏంది?”

“గీ ఊర్లనే సల్వా ఏరియాల ఇంటిపని చేస్త. మా ఇంటి యజమానురాలు, మామా అంటం, ఆమె పిల్లలను తోలుకొచ్చిన. నిన్ను...”

“నన్నేం అడగకు. పనోళ్లను ఎక్కించుకునుడు లేదు.”

“ఎక్కుడు గాదు బిడ్డా. గీ బండిని, నిన్ను ఒక్కసారి సూసి పోదామని.”

“సూసినవ్ గదా. ఖలాస్. యల్లా, నడువ్!”

ఆమె కదల్లేదు. ఇంజిన్ ముందున్న ఇనుప కమ్మీ మీద మళ్లీ అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకడు ఫోన్ తీశాడు. పరశురాంకు హుషారొచ్చింది. కన్ను గీటి, కూత గొలుసు పట్టి లాగాడు.

చెవులు చిల్లులు పడేలా కూసింది ఇంజిన్. తెల్లటి ఆవిరి బుస్సుమంది.

“వద్దు బిడ్డా! ఆవిరి వద్దు!”

ఆమె చెవులు మూసుకుని ఇసుకలో కూలబడింది. ఇంకా నాలుగు ఫోన్లు లేచాయి.

పరశురాం మళ్లీ లాగాడు.

ఆ ఇంటి యజమానురాలు మామా వచ్చి, పరువు తీశావంటూ అరిచి, ఆమెను రెక్క పట్టి ఈడ్చుకుపోయింది. కారు కదిలింది.

అప్పుడొచ్చాడు ఇమ్తియాజ్. బండి బాగు చేసిన షెడ్డులో మెకానిక్కు, కడప మనిషి.

“మైసవ్వ వచ్చిందంటనే? యాడుండాది?”

“ఎవలు, ఆ ముసల్దా? మస్తు తమాషా చేసిన. వీడియో సూడు, ఇప్పుడే పంపిన్రు.”

ఇమ్తియాజ్ చూశాడు. ఫోన్ తిరిగిచ్చేశాడు.

“పోయిన ఎండాకాలం, షెడ్డులో నువ్వు చూసుకోకుండా తిప్పిన ఈ బండి వాల్వుకు మనతో పనిచేసే దేవయ్య ఆవిర్లో కాలి సచ్చిపాయ. నిన్ను జైల్లో ఏసిరి. వాళ్లోళ్లు మాఫీ చేస్తేనే బయటికొచ్చినావు. ఆ మాఫీ చేసిందెవురని ఒక్కనాడన్నా అడిగినావా?”

పరశురాం కూత గొలుసు వదిలేశాడు.

“‘నా మనిషి ఎట్లాగూ రాడు, ఆ పిల్లోణ్నన్నా ఇడిసిపెట్టండి’ అని పోలీసుల కాళ్లు పట్టుకునింది ఆమేరా, దేవయ్య పెండ్లాము.”