పల్లవి చివర అరమెట్టు

ఈ ప్రాజెక్టు కొత్త వెర్షనుది, తెరవడం కుదరదంటూ ఇంగ్లీషులో ఒక పెట్టె కంప్యూటరు తెర మీదికి మూడోసారి వచ్చి కూర్చుంది. సురేంద్ర దాన్ని మూడోసారి మూసేశాడు.

"పదకొండుంబావయిందండీ," అంది శాంతి, గది తలుపు దగ్గరగా వేస్తూ. "పన్నెండింటికి కరెంటు తీసేస్తాడు. అయ్యగారు సీడీ పట్టుకుని ఒంటిగంట బస్సుకి రాజమండ్రి వెళ్ళాలి."

"నాకు తెలీదా?"

తెలుసు. రాజోలు చర్చివాళ్ళ క్రిస్మస్ పాటలు ఎనిమిదీ ఆ కంప్యూటర్లోనే రికార్డయ్యాయి. అన్నిటికీ కీబోర్డు శాంతే వాయించింది. ఏడు పాటలు కుదిరాయి. ఎనిమిదోది ఆమె అత్తగారు, సువార్తమ్మ టీచరుగారు పాడినది. పల్లవి చివరికొచ్చేసరికి ఆవిడ గొంతు అరమెట్టు కిందికి జారి, అక్కడే సుఖంగా కూర్చుంటుంది.

"అది సరిపడకపోతే ఏడే పంపేద్దామమ్మా, మరేవనుకోకు," అని అయ్యగారు, అదే పాస్టరుగారు, నిన్న శాంతి చెవిన వేసి చక్కా వెళ్ళిపోయారు. ఇరవై రెండేళ్ళుగా చర్చిలో పాటల బృందం, ఆ కొయిరు, నడుపుతున్న టీచరుగారికి ఆ మాట ఎవరు చెప్పాలి? పాస్టరుగారికి టీ ఇవ్వడానికి ఊళ్ళో నలభై ఇళ్ళున్నాయి. శాంతికున్నది ఒక్కటే ఇల్లు.

అందుకే హైదరాబాదు నుంచి సెలవు మీద వస్తూ సురేంద్ర తను రాసిన ప్లగిన్ ప్రాజెక్టుని పెన్‌డ్రైవులో వేసుకొచ్చాడు. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేరుకి తగిలిస్తే, జారిన గొంతుని పట్టుకుని సరైన స్వరం మీద నిలబెడుతుంది. తగిలిస్తే.

"అసలేవిటండీ దాని గొడవ?"

"నేను రాసిందాన్ని మిషనుకి అర్థమయ్యేలా మార్చేది కంపైలరు. ఆఫీసులో ఉన్నది తొమ్మిదో వెర్షను. ఇక్కడున్నది ఎనిమిది. తొమ్మిది కోసం కట్టిన మూట ఎనిమిది విప్పలేదు."

"అంటే పాత కుక్కరుకి కొత్త గాస్కెట్టు తెచ్చారన్నమాట."

"ఆఁ."

"మరి పాత సైజుదే ఇమ్మని అడగలేకపోయేరా?"

సురేంద్ర భార్య వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత పెన్‌డ్రైవులోనే ఉన్న, ప్రాజెక్టు మూట కట్టే ప్రోగ్రాము తెరిచి, అందులో తొమ్మిది తీసి ఎనిమిది పెట్టి మళ్ళీ కట్టాడు. ఈసారి తెరుచుకుంది. శాంతి చప్పట్లు కొట్టబోయేలోగా తెరంతా ఎర్రర్లు బారులు తీరాయి. నలభై మూడు.

"ఒరేయ్ సురేంద్రా!" వరండాలోంచి సువార్తమ్మగారి కేక. "అయ్యగారొచ్చేసేర్రా! నా పాట వినిపిస్తానని తలుపులేసుకుని ఏం చేస్తున్నార్రా ఇద్దరూ?"

"శ్రుతి సరిచేస్తున్నానమ్మా!" అనేశాడు సురేంద్ర కంగారులో.

శాంతి నెత్తి కొట్టుకుంది.

"సరేలే, నెమ్మదిగా కానీ," అంది ఆవిడ గొంతు. ఎప్పుడూ లేనంత మెత్తగా.

ఆ మెత్తదనానికి శాంతికి ఇంకాస్త భయమేసింది. "ఇప్పుడేవయిందండీ?"

"స్వరాన్ని పట్టే భాగం ఆఫీసులో ముందే కంపైల్ చేసి పెట్టుకున్నా. అదీ తొమ్మిదే."

"దాన్నీ ఇక్కడే మళ్ళీ వండండి."

"సరుకులు హైదరాబాదులో ఉండిపోయాయే!"

ఆఫీసులో పక్క సీటు హేమంత్‌కి ఫోను చేస్తే, అతను భోజనానికి లేవబోతూ దొరికాడు. బతిమాలగా ఆ ఫైళ్ళు మెయిల్లో పంపాడు. టెలిఫోను తీగ మీద అవి చీమల్లా పాక్కుంటూ వచ్చేసరికి పదకొండూ నలభై ఎనిమిది. సురేంద్ర మళ్ళీ కంపైల్ చేశాడు. నలభై మూడు కాస్తా రెండయ్యాయి. తొమ్మిదికి మాత్రమే తెలిసిన మాటలు రెండు ఉన్నాయి అందులో. వాటిని కొట్టేసి, ఎనిమిదికి తెలిసిన పాత మాటలు రాశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఎర్రర్లు సున్నా.

ప్లగిన్ తగిలించాడు. పల్లవి చివర సువార్తమ్మగారి గొంతు జారబోయి, ఎవరో జబ్బ పుచ్చుకున్నట్టు ఆగి, కీబోర్డుతో కలిసి నిలబడింది. శాంతి కళ్ళు చెమర్చాయి. సీడీ బయటికొచ్చిన మరుక్షణం ఫాను ఆగిపోయింది.

బ్యాటరీల ప్లేయరు వరండాలో పెట్టి పాట వినిపించారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆయ్, ఏం కుదిరిందండీ టీచరుగారూ! ఈ పాటే ముందు పెట్టిస్తానండి," అన్నారు.

శాంతి ఊపిరి పీల్చుకుంది. సురేంద్ర కుర్చీలో కూలబడ్డాడు. సువార్తమ్మగారు లేచి వచ్చి, కోడలి భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేసింది.

"నువ్వేం బాధపడకమ్మా, అందరికీ అన్నీ రావు," అని, పాస్టరుగారి వైపు తిరిగింది. "పెళ్ళాం శ్రుతి సరిచెయ్యడానికి పొద్దుట్నుంచీ మా వాడు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదండీ అయ్యగారూ. వచ్చే ఆదివారం నుంచి కీబోర్డుకి ఇంకెవర్నయినా చూడండి."