మూడో క్లిప్పు

“ఎంతవరకు రావాలో నోటితో చెప్పొచ్చుగా!” ట్రాక్టరు వెనక్కి నడుపుతూ సీటు మీద నుంచే అరిచాడు అన్న.

తమ్ముడు మడ్‌గార్డు మీద అరచేత్తో టపటపా రెండు దెబ్బలు వేశాడు, ఇంకా రమ్మని. కాసేపటికి ఒకే దెబ్బ, ఆగమని. గేదెను అదిలించినట్టు ఈ కొట్టడమేమిటని అన్నకు ఒళ్ళు మండింది.

అన్నదమ్ముల మధ్య మాటల్లేక రెండేళ్ళయింది. పంపకాల్లో ట్రాక్టరు అన్నకు, దాని వెనక తగిలించే ఇనప గొర్రు తమ్ముడికి వచ్చాయి. ఒకటి లేకుండా రెండోదానితో సెంటు నేల కూడా దున్నలేమని పంచిన పెద్దమనుషులకు తట్టలేదు, పంచుకున్న ఈ మహానుభావులకూ తట్టలేదు. ఇప్పుడు తమ్ముడు సేద్యం మానేసి, ఎక్కడో ఫ్యాక్టరీలో పనికి కుదిరి, పెళ్ళాంపిల్లలతో సహా వెళ్ళిపోతున్నాడు. సామాను ఎక్కించిన లారీ తమ్ముడి ఇంటి గేటు ముందు నిలబడి ఉంది. గొర్రు అన్నయ్యనే తీసుకెళ్ళమని నిన్న వదినతో కబురు పంపాడు.

నిజానికి అన్న గొర్రు కోసం రాలేదు. తమ్ముణ్ణి వెళ్ళొద్దని చెప్పడానికి వచ్చాడు. కానీ ముందుగా తనే మొహం చూసి పలకరిస్తే లోకువైపోతానని భయం. అందుకే తమ్ముడి మొహం కంటపడకుండా ట్రాక్టరు అద్దాన్ని బాగా కిందికి వంచేశాడు. అందులో గొర్రూ, తమ్ముడి చేతులూ తప్ప ఇంకేమీ కనిపించవు. వాడు ఒక్క మాట మాట్లాడితే చాలు, మిగతాది తను చూసుకుంటాడు.

ట్రాక్టరు వెనక కింద రెండు ఇనప చేతులుంటాయి, వాటి మధ్యలో పైన ఒక లింకు. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడిది, ఆఖరున పై లింకు తగిలించాలి. మూడు చోట్లా పిన్ను ఊడి రాకుండా ఒక్కో క్లిప్పు పెట్టాలి. తమ్ముడు ఎడమ చేతి దగ్గర వంగాడు.

“లారీ ఎన్నింటికి కదులుతుంది?” స్టీరింగుతో అన్నట్టుగా అడిగాడు అన్న.

ఎడమ చెయ్యి పిన్నుకు ఎక్కింది. క్లిప్పు టిక్కుమంది.

“పాపకి బళ్ళో సీటు దొరికిందా?”

కుడి చెయ్యి ఒక పట్టాన కుదరలేదు. తమ్ముడు భుజం ఆనించి నెట్టాడు. ఇంజను మోతలో “ఊఁ” అని మూలిగినట్టు వినపడింది. క్లిప్పు టిక్కుమంది. అంతే.

నాతో మాట అంత బరువైపోయిందా వీడికి అనుకున్నాడు అన్న. ఇక మిగిలింది పై లింకు ఒక్కటే. అదీ అయిపోతే ఇక్కడ ఉండటానికి తనకు సాకు కూడా ఉండదు.

“ఒరేయ్, వెళ్ళకురా!” అనేశాడు. “పొలం మధ్యలో వేసిన ఆ గట్టు నేనే తవ్వించేస్తా. ఎప్పట్లాగే కలిసి చేసుకుందాం. తప్పు నాదేననుకో. ఉండిపోరా.”

అద్దంలో తమ్ముడి చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఒక చేతిలో లింకు, ఇంకో చేతిలో పిన్ను. అంతలో ఆ చేతులు గబగబా, కంగారు కంగారుగా పిన్నును లోపలికి తొయ్యడం మొదలుపెట్టాయి.

ఎంత త్వరగా నన్ను వదిలించుకుందామా అని చూస్తున్నాడు! అన్నకు తల కొట్టేసినట్టయింది.

“సరే, పో! నీ పౌరుషాన్ని మూటగట్టుకుని పో! మళ్ళీ నా గుమ్మం తొక్కావంటే ఒట్టే!”

లివరు లాగాడు. గొర్రు పైకి లేచింది. తమ్ముడు పక్కకు తప్పుకున్నాడో లేదో కూడా చూడకుండా గేరు వేసి, ఇంజను హోరెత్తిస్తూ వెళ్ళిపోయాడు.

ఇంటి దగ్గర షెడ్డులో ట్రాక్టరు ఆపి, దిగి వెనక్కి వచ్చి చూశాడు. పై లింకు పిన్ను సగం బయటికి జారి వేళ్ళాడుతోంది. దానికి క్లిప్పు లేదు.

తోటికోడలిని సాగనంపడానికి వెళ్ళిన భార్య అప్పుడే రొప్పుతూ వచ్చింది.

“లారీ వెళ్ళిపోయింది” అంది.

“పోతే పోనీ! చూడు వాడి పగ. క్లిప్పు పెట్టకుండా పంపాడు. దారిలో ఊడిపడి ఉంటే నా గతేంటి?”

“పెట్టనిచ్చారా మీరు? ‘అన్నయ్యా, ఆగు, ఉంటానన్నయ్యా’ అని అరుస్తూ కాలవ దాకా మీ వెనకే పరిగెత్తాడు. ఆ మోతలో మీకేం వినపడుతుంది! లారీ డ్రైవరేమో ఒకటే హారన్. ‘గుమ్మం తొక్కొద్దని ఒట్టు పెట్టాడొదినా, ఇంకే మొహం పెట్టుకుని ఉండను’ అని ఏడుస్తూ ఎక్కేశాడు.”

అన్న రోడ్డు వైపు రెండడుగులు వేసి ఆగాడు.

“మరి నేను అడిగినప్పుడు వాడికి నోరేమైంది?”

ఆమె గుప్పిట విప్పింది. అందులో వేలెడంత క్లిప్పు.

“ఇదుంది నోట్లో. పళ్ళతో కరిచి పట్టుకున్నాడు.”

అన్న దాన్ని అందుకోలేకపోయాడు. “మట్టిలో పడ్డాయంటే దొరకవు. పనయ్యేదాకా మూడూ పళ్ళ మధ్యే ఉండాలి, మధ్యలో నోరు తెరిచావో వీపు చిట్లుతుంది” అని, తమ్ముడికి ఇంకా మీసాలు రానప్పుడు, ఇదే ట్రాక్టరు వెనక నిలబెట్టి నేర్పింది తనే.