మూడో సంతకం

"లైటు ఆర్పకక్కా!"

స్విచ్చి మీద చెయ్యి వేసిన అక్క వెనక్కి తిరిగి చూసింది. అతను గిటారు సర్దుతున్నట్టు నటించాడు. కిటికీలు లేని ఆ ప్రాక్టీసు గదిలో లైటు పోతే పట్టపగలే చీకటి. చీకట్లో అక్క పెదాలు కనబడవు. అవి కనబడకపోతే ఆమె ఏమంటోందో అతనికి తెలిసే దారి లేదు.

నాలుగు నెలల క్రితం ఎడమ చెవిలో సన్నటి ఈలతో మొదలైంది. తర్వాత కుడి చెవి. పోయిన వారంతో రెండూ పూర్తిగా మూసుకుపోయాయి. పదకొండేళ్ళుగా తన పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి, ముప్పై మంది పట్టే గదుల్లో గొంతు చించుకున్నవాడు. ఇన్నాళ్ళకి అదృష్టం తలుపు తట్టింది. పేరున్న ఒక బ్యాండు కచేరీలకు ముందు ఇరవై ఊళ్ళలో పాడాలి. ఒప్పందం మీద అతనూ, బేస్ గిటారు వాయించే బావా సంతకం చేశారు. డ్రమ్స్ వాయించే అక్క సంతకమే మిగిలింది. చెవుల సంగతి తెలిస్తే ఆ కాగితం చింపి అవతల పారేస్తుంది. పాట లేకపోతే తనకి ఇంకేం మిగులుతుంది?

ఇందాకటి ప్రాక్టీసు గండం ఎలాగో గట్టెక్కింది. అక్క చేతిలోని పుల్లలు చూస్తూ, గిటారును గుండెకి అదుముకుని, ఆ అదురును పట్టుకుని పాడేశాడు. రెండు చోట్ల తడబడితే జలుబన్నాడు.

అక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"చెవి డాక్టరు దగ్గరికెందుకెళ్ళావురా?"

"ఎవరు చెప్పారు?"

"నీ గిటారు సంచిలో చీటీ చూశాను."

"గుబిలి తీయించుకోడానికి. అదీ ఊరంతా చెప్పుకు తిరగాలా?"

"ఇప్పుడు బాగా వినిపిస్తోందా?"

"చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది."

మూలన బావ గిటారు తీగలు తుడుస్తున్నాడు. ఎవరేం మాట్లాడుకున్నా మధ్యలో దూరిపోయే మనిషి ఇవాళ తల కూడా ఎత్తడం లేదు. కొంపదీసి ఈయన కనిపెట్టేశాడా? అయినా అక్క ముఖం మీంచి చూపు తిప్పడానికి లేదు. అదృష్టం బాగుండి ఆమె ఇవాళ ఒక్కో మాటా నిదానంగా అంటోంది.

"ఇరవై ఊళ్ళు. రోజూ ఆ హోరు. తట్టుకుంటావా?"

"పదకొండేళ్ళు తట్టుకున్నాగా!"

"చిన్నప్పుడు నేను గిన్నెలు వాయిస్తే ఏడ్చేవాడివి."

"నీ వాయింపు అలా ఉండేది మరి!"

ఆమె నవ్వలేదు. ముందుకు వంగింది. కనుబొమలు ముడిపడ్డాయి. నోరు పెద్దగా తెరుచుకుంది.

"నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?"

కోపమొచ్చింది, అరిచే ఉంటుంది. ఉలిక్కిపడకపోతే దొరికిపోతాడు. గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు.

"అబ్బ, అలా అరవకక్కా! పక్క గదివాళ్ళు వింటారు."

బావ చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

అక్క అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడి మీద అరిచినందుకు బాధపడుతోంది పాపం, అనుకున్నాడు.

"భయమేస్తోందా, నాన్నా?"

"నాకా? దేనికి?"

"సరే, నువ్వెళ్ళు. కాగితం సంగతి నేను చూసుకుంటాను."

బతుకుజీవుడా అనుకుంటూ గిటారు భుజాన తగిలించుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

గదిలో బావ లేచి వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

అంతసేపూ అక్క పెదాలే కదిపింది, గొంతు విప్పలేదు.