రాతిపొడి

"నీకు తగ్గేదాకా నెల రోజులేగా నేను తోలేది. ఇప్పుడు కొత్త రబ్బరెందుకు నాన్నా?" అంది కూతురు.

క్వారీ లారీ తలుపు చుట్టూ చీకిపోయిన రబ్బరు పీకేసి, తండ్రి కొత్తది అంటిస్తున్నాడు. మధ్యలో దగ్గు ఆగేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"రాతిపొడి లోపలికి రాకూడదమ్మా."

"ఇరవై ఏళ్లూ నీమీద పడింది కదా. అప్పుడెందుకు మార్చలేదు?"

"దుమ్మే కదా, స్నానం చేస్తే పోతుందనుకున్నాను."

మూలల్లో బొటనవేలితో నొక్కి, తలుపు వేసి చూశాడు. సందులో కాగితం కూడా దూరలేదు.

జేబులోంచి తాళంచెవులు రెండూ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఒకటి నీ దగ్గరుండనీ నాన్నా."

"నాకింకెందుకమ్మా," అన్నాడు.

ఆమె రెండూ చున్నీ కొసకు ముడేసుకుని లారీ ఎక్కింది. అతను పక్కకు జరిగేదాకా ఆగి, తలుపు వేసుకుంది.