వెనక సీటు

యాభై దాటాక ఎర్రటి స్పోర్ట్స్ బైకు కొన్నాను.

"మోకాళ్లకి తైలం రాసుకుంటూ ఈ కుర్రవేషాలేంటండీ!" అంది మా ఆవిడ. అయినా ఎక్కింది.

వెనక సీటు ఎత్తుగా, ఏటవాలుగా ఉంటుంది. బ్రేకు వేస్తే చాలు, జారి వచ్చి నన్ను గట్టిగా పట్టుకునేది. ఏళ్ల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి! ఖాళీ రోడ్డు మీద కూడా ఊరికే బ్రేకు వేసేవాణ్ణి. నా నడుము పట్టేసినా బండి తీయడం మానలేదు.

మొదటి సర్వీసింగుకి ఇద్దరం వెళ్లాం.

"బండితో ఇబ్బందేమైనా ఉందా సార్?" అన్నాడు మెకానిక్.

"ఏమీ లేదు," అన్నాను.

"ఎందుకు లేదూ?" అంది మా ఆవిడ. "వెనక పట్టుకోడానికో కమ్మీ బిగించు బాబూ. బ్రేకేసినప్పుడల్లా ఈయన మీద పడి చావాల్సొస్తోంది."