చెరగని గర్భం

"మీకు ఆపరేషన్ కుదరదండీ. మీరు గర్భవతి," అంది కౌంటరులోని అమ్మాయి, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే.

పెద్దాయన చెయ్యి తనంతట తానే తెల్లమీసం మీదికి పోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"సరిగ్గా చూడమ్మా. నాకు హెర్నియా. గజ్జల్లోకి పేగు దిగింది. అది మెలిపడితే ప్రాణం మీదికొస్తుందన్నారు డాక్టరుగారు. ఇవాళే చెయ్యాలన్నారు."

"చేస్తారండీ. కాన్పయ్యాక."

"ఎన్నో నెలమ్మా?" పక్కనే నిలబడిన ఆయన భార్య తాపీగా అడిగింది.

ఆయన కొరకొరా చూశాడు. ఆవిడ పట్టించుకోలేదు.

ప్రభుత్వాసుపత్రులన్నిటికీ బ్లాక్‌చెయిన్ వచ్చి కొన్నేళ్లయింది. జనం దాన్ని గొలుసు అంటారు. రోగి గురించి ఒక ముక్క గొలుసులో పడిందంటే, అన్ని ఆసుపత్రుల కంప్యూటర్లలోనూ అదే ముక్క అతుక్కుపోతుంది. చెరపడానికి లేదు, దిద్దడానికి లేదు. దొంగరాతలు అరికట్టడానికట. దొంగల సంగతి దేవుడెరుగు, పొరపాట్లు మాత్రం హాయిగా స్థిరపడిపోయాయి. ప్రైవేటు ఆసుపత్రులవాళ్లూ ఆ గొలుసే చూసి పెద్దాయనను గుమ్మంలోంచే సాగనంపారు. గర్భవతికి మత్తుమందిచ్చి లేనిపోని గొడవ ఎవరు నెత్తిన వేసుకుంటారు?

"పాతది తీయలేమండీ," అంది అమ్మాయి. "కింద ఇంకో ముక్క చేర్చొచ్చు. గర్భం పోయిందని."

"పోయిందని రాసెయ్యి తల్లీ!"

"స్కానింగ్ చేసినవాళ్లు రాయాలండీ."

గర్భిణుల ఓపీలో ఆయనను బల్ల మీద వరసలో కూర్చోబెట్టారు. నిండు చూలాలొకామె జాలిపడి కాస్త జరిగి చోటిచ్చింది. నర్సు ఆయన బరువు తూచి, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టింది. అవి ఇచ్చినట్టు నొక్కకపోతే తెర మీద తర్వాతి గడి తెరుచుకోదట. స్కానింగ్ డాక్టరు కడుపంతా వెతికి చేతులెత్తేశాడు. గర్భసంచి కొలత వెయ్యనిదే రిపోర్టు ముందుకు కదలదు. లేని సంచికి ఆయన మాత్రం ఏం కొలత వేస్తాడు?

"మనకు ఇద్దరు పిల్లలు పుట్టారు," అంది భార్య, స్కానింగ్ గది బయట. "ఒక్కసారైనా ఈ వరసలో నా పక్కన కూర్చున్నారా మీరు? ఎప్పుడూ మీటింగులే. ఇప్పుడు తీరిగ్గా కూర్చోండి."

అంత వెటకారంలోనూ ఆవిడ చెయ్యి ఆయన భుజం వదల్లేదు. ఆయన ముఖం చెమటలు పట్టి పాలిపోయింది. ఆవిడకు లోపల భయంగానే ఉంది.

మళ్లీ కౌంటరు దగ్గరికే వచ్చారు. ఈసారి ఆయన నిలబడలేక బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు.

"కళ్లెదురుగా మనిషిని పెట్టుకుని కంప్యూటరు చెప్పిందే వేదమంటారేమిటి? బుర్ర వాడొద్దూ?"

"వాడొద్దనే చెప్పారండీ ట్రైనింగులో," అంది అమ్మాయి అమాయకంగా. "మనిషి అబద్ధమాడతాడు, గొలుసు ఆడదు అన్నారు."

ఆయన చటుక్కున తల దించుకున్నాడు.

"అది మాత్రం భలే చెప్పారు," అంది భార్య.

ఇంతలో సర్జను వచ్చి ఆయన పొట్ట నొక్కి చూసి ముఖం చిట్లించాడు. "పేగు మెలిపడుతోంది. సాయంత్రం దాకా ఆగితే కష్టం. నేను కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. కానీ గొలుసు ఒప్పుకోనిదే మత్తుమందు బీరువా తెరుచుకోదు. ఎవరినైనా పట్టుకోండమ్మా."

"ఎవరిని పట్టుకోవాలి?" అడిగింది ఆవిడ, ఈసారి వెటకారం లేకుండా.

కౌంటరు అమ్మాయి నిట్టూర్చింది. "దీన్ని మన నెత్తిన రుద్దినాయననే అడగాలండీ. ఆయనేమో రిటైరైపోయాడు. ఏ ఊళ్లో చల్లగా కూర్చున్నాడో మహానుభావుడు!"

భార్య ఎదురు గోడ మీది పెద్ద ఫోటో వైపు చెయ్యెత్తింది.

"ఏ ఊళ్లోనో ఎందుకమ్మా, అదిగో ఆ ఫోటోలో మంత్రిగారి పక్కన నిలబడి, గొలుసు మొదలెట్టిన రోజున సరదాకి మొదటి రోగిగా తన వేలిముద్రే వేసి, చేతికందిన గడి నొక్కి, 'ఇక దీన్ని నేను కూడా మార్చలేను' అని చప్పట్లు కొట్టించుకున్న నల్లమీసం కార్యదర్శి ఈయనే!"