కొంగ మెచ్చుకోలు

ఉడుత రాసిన మొట్టమొదటి నవలను తాబేలు అచ్చు వేసిందని తెలిసిన రోజు, చెరువులో కొంగకు చేప గొంతు దిగలేదు. ఏడేళ్ళు కూర్చుని తను రాసిన నవలను అదే తాబేలు మూడుసార్లు తిప్పి పంపింది మరి!

"కొంగ మామా, రేపు ఆవిష్కరణ సభలో నువ్వే మాట్లాడాలి," అంటూ ఉడుత ఒక కాపీ ఇచ్చి, తోక ఊపుకుంటూ పోయింది.

కొంగ ఎన్నో సభల్లో మాట్లాడింది గాని, ఏనాడూ ఆ పుస్తకాలు తెరిచిన పాపాన పోలేదు. ఈసారి మాత్రం తెరిచింది. తప్పులన్నీ ఏరి నలుగురిలో చదివేస్తే ఆ తోక ఊపడం అణుగుతుందనుకుంది. ఒంటికాలి మీద నిలబడి, ముక్కు పేజీకి ఆనించి మొదలుపెట్టింది.

చివరి పేజీ అయ్యేసరికి పొద్దు వాలింది. కళ్ళు తడిశాయి. కాలి పక్కనుంచి ఎన్ని చేపలు పోయాయో చూడనేలేదు. తప్పులు వెతకాలన్న సంగతే మరిచిపోయింది. అది గుర్తొచ్చాక పుట్టింది అసలు కడుపుమంట.

మర్నాడు సభలో ఉడుత ఊపిరి బిగబట్టి చూస్తోంది. కొంగ లేచి గొంతు సవరించుకుంది.

"అట్ట మీద బొమ్మ చాలా బాగుంది," అని చెప్పి కూర్చుంది.